బండి లిఫ్ట్ చేశాక వెనక ఇరుసు పినియన్ ముక్కు ఎటు చూడాలి?

మట్టిదారి: బండిని 4 అంగుళాలు లేపాను, కమాన్లు (పలకల స్ప్రింగులు) కొత్తవి. అప్పటినుంచి 70 స్పీడు దగ్గర సీటు కింద గుర్రుమంటోంది. యాక్సిలరేటర్ వదిలితే తగ్గుతుంది. టైర్లు బ్యాలెన్స్ చేయించినా అంతే. కమానుకీ ఇరుసుకీ మధ్య 6 డిగ్రీల షిమ్ (ఏటవాలు పలక) పెట్టి, పినియన్‌ను (వెనక ఇరుసుకి షాఫ్ట్ తగిలే ముక్కు) షాఫ్ట్ వైపు లేపేశా. ఇప్పుడు ఇంకా ఘోరం!

ఇనుపగుర్రం: మీ షాఫ్ట్‌కి ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల డబ్బా) చివర ఎన్ని క్రాసులు (షాఫ్ట్‌ను వంపులో తిరగనిచ్చే కీళ్ళు)?

మట్టిదారి: ఒకటే. వెనకా ఒకటే.

ఇనుపగుర్రం: అయితే పినియన్ షాఫ్ట్ వైపు చూడకూడదు. ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్‌కి సమాంతరంగా ఉండాలి. క్రాస్ వంపులో తిరిగినప్పుడు ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. రెండో చివర కూడా అంతే వంపు ఉంటేనే అది సర్దుకుంటుంది. మీరు వెనక వంపు దాదాపు తీసేసి ముందుది అలాగే వదిలేశారు.

రాళ్ళబాట: నాది ఉల్టా కథ. ట్రాన్స్‌ఫర్ కేస్ చివర రెండు క్రాసులుండే డబుల్ కార్డన్ షాఫ్ట్ వేయించి, పినియన్‌ను మాత్రం పాత సమాంతరంలోనే ఉంచా. వెనక క్రాస్ ఎర్రటి తుప్పుపొడి కక్కింది. ఆ షాఫ్ట్‌కైతేనే పినియన్ షాఫ్ట్ వైపు చూడాలి, 1-2 డిగ్రీలు కిందికి ఉంచి.

ఇంకోటి, ఛాసిస్‌ను స్టాండ్ల మీద పెట్టి, ఇరుసు హౌసింగ్ వేలాడుతుండగా ఈ కోణాలు కొలవకండి. నేనదే చేసి ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నా. బండి బరువంతా చక్రాల మీదే ఉండాలి, నేల సమంగా ఉండాలి.

మట్టిదారి: షిమ్ తీసి మళ్ళీ కొలిచా. అవుట్‌పుట్ 3 డిగ్రీలు కిందికి, పినియన్ 5 పైకి. అంటే షిమ్ లేకుండానే సమాంతరం కంటే 2 ఎక్కువ! దాని మీద నేను ఇంకో 6 లేపానన్నమాట.

ఇనుపగుర్రం: పైగా గ్యాస్ నొక్కితే కమాన్లు మెలితిరిగి ముక్కు ఇంకా లేస్తుంది, మీ గుర్రుకి కారణం అదే అయ్యుండాలి. ముక్కు కిందికి దిగేలా 3 డిగ్రీల షిమ్ వేయండి, సమాంతరం కంటే 1 తక్కువలో నిలుస్తుంది. కమాను హౌసింగ్ పైన ఉంటే మందం వైపు ముందుకి. అల్యూమినియం వద్దు, నలిగి పగులుతుంది. స్టీలే వేయండి.

మట్టిదారి: వేశా. 70 దాటినా నిశ్శబ్దం. రివర్స్ వేసినప్పుడు మాత్రం ఒక్కసారి టక్‌మంటోంది.

రాళ్ళబాట: కమానును ఇరుసుకి బిగించే యూ బోల్టులు కొత్తవేనా? కాస్త తిరిగాక మళ్ళీ బిగించారా?

మట్టిదారి: పాతవే. బిగించలేదు. రేపు కొత్తవి తెస్తా.