ఫాస్ఫో పట్టీలో తేడా కనిపించడం లేదు

హనుమకొండ విద్యార్థి:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఎ431 అనే మానవ క్యాన్సర్ కణాలకు ఇ.జి.ఎఫ్. (ఒక వృద్ధి కారక ప్రోటీన్) ఇచ్చి, దాని గ్రాహకంపై జరిగే టైరోసిన్ ఫాస్ఫొరిలేషన్‌ను (టైరోసిన్‌కు ఫాస్ఫేట్ చేరడాన్ని) వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను ప్రతిరక్షకాలతో పట్టీలుగా చూపే పరీక్షలో) చూస్తున్నాను. మొత్తం గ్రాహకం పట్టీ స్పష్టంగానే వస్తోంది గాని, ఇ.జి.ఎఫ్. ఇవ్వని కణాలకూ, 30 నిమిషాలు ఇచ్చిన కణాలకూ ఫాస్ఫో పట్టీలో తేడా లేదు. బ్లాకింగ్‌కు (ప్రతిరక్షకం అనవసరమైన చోట్ల అంటుకోకుండా చేయడానికి) పాలపొడి వాడుతున్నాను. లోపం ఎక్కడుండవచ్చు?

వరంగల్ పరిశోధకురాలు:
నా అనుమానం ముందుగా సమయం మీదే. ఈ ఫాస్ఫొరిలేషన్ కొద్ది నిమిషాల్లోనే శిఖరానికి చేరి, గ్రాహకం కణంలోపలికి వెళ్లడం వల్లా, ఫాస్ఫేట్‌ను తొలగించే ఎంజైములైన ఫాస్ఫటేజుల వల్లా తగ్గిపోతుంది కనుక 0, 2, 5, 15, 30 నిమిషాలకు నమూనాలు తీయండి. సీరంలోనే వృద్ధి కారకాలు ఉంటాయి. ముందురోజు రాత్రి నుంచే కణాలను సీరం లేని మాధ్యమంలో ఉంచారా? లైసిస్ బఫర్‌లో (కణాలను పగలగొట్టే ద్రావణంలో) ఆ ఫాస్ఫటేజులను ఆపే సోడియం ఆర్థోవనడేట్ తప్పనిసరి, అదీ పి.హెచ్. 10 వద్ద రంగు పోయేదాకా మరిగించి సిద్ధం చేసినదై ఉండాలి. మన ఎండాకాలంలో బల్లమీద మంచు ఎంతసేపు నిలుస్తుందో మీకు తెలిసిందే, పళ్లేలను దాని మీది నుంచి కదపకండి.

కరీంనగర్ అధ్యాపకుడు:
పైన చెప్పినవన్నీ సరైనవే. పాలలోని కేసీన్ స్వయంగా ఫాస్ఫోప్రోటీన్ కాబట్టి ఫాస్ఫో ప్రతిరక్షకం దానికీ అంటుకోవచ్చు, దాని బదులు బి.ఎస్.ఎ. (ఆవు సీరంలోని ఆల్బుమిన్) వాడటం మేలు. అయితే ఎ431లో ఈ గ్రాహకాలు అసాధారణంగా ఎక్కువ, ఇ.జి.ఎఫ్. లేకున్నా కొంత ఫాస్ఫొరిలేషన్ కనిపించవచ్చు. ఈ గ్రాహకం పనిని ఆపే మందు జెఫిటినిబ్‌తో ముందే నిరోధించిన కణాలను ఒక వరుసలో పెట్టండి. అక్కడా పట్టీ తగ్గకపోతే ప్రతిరక్షకాన్నే అనుమానించాలి.

హనుమకొండ విద్యార్థి:
ధన్యవాదాలు మేడమ్, సార్. జెఫిటినిబ్‌ను డి.ఎమ్.ఎస్.ఓ. అనే ద్రావణిలో కరిగిస్తే, మిగతా నమూనాలకూ అంతే డి.ఎమ్.ఎస్.ఓ. కలపాలా?

కరీంనగర్ అధ్యాపకుడు:
కలపాలి, అన్నిటికీ సమానంగా.