చెల్లించని రోజువారీ జరిమానాను యూరోపియన్ కమిషన్ ఏ నిబంధన కింద మినహాయించుకుంటుంది?

యూరోపియన్ యూనియన్ సభ్యత్వం పోలండ్‌లో పర్యావరణ రక్షణను ఎలా మార్చిందన్న వ్యాసం రాస్తూ ఒక న్యాయ సందేహం దగ్గర ఆగిపోయాను.

2016లో బియవోవియెజా అడవిలో నరికివేత పరిమితిని అక్కడి ప్రభుత్వం దాదాపు మూడు రెట్లు పెంచింది. స్ప్రూస్ చెట్ల బెరడును తొలిచే పురుగును అరికట్టడానికేనని చెప్పింది గానీ, ఆ ఎండు మానుల్లోనే బతికే వడ్రంగి పిట్టలూ అరుదైన పెంకు పురుగులూ యూనియన్ చట్టాల ప్రకారం రక్షిత జీవులు. యూనియన్ న్యాయస్థానం 2017 జులైలో నరికివేత ఆపమని ఆదేశించింది. ఉల్లంఘిస్తే రోజుకు కనీసం లక్ష యూరోలు కట్టాలని నవంబరులో హెచ్చరించింది. 2018 ఏప్రిల్ 17న తుది తీర్పు పోలండ్‌కు వ్యతిరేకంగా వచ్చింది. దేశీయ చట్టం ఒక్కటే ఉండి ఉంటే ఆ మానులు మిగిలేవి కావని నా నమ్మకం.

చిక్కు పోలండ్‌లోని తురూవ్ లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు) గని కేసుతో వచ్చింది. తుది తీర్పుకు ముందే తవ్వకం ఆపమన్న న్యాయస్థానపు మధ్యంతర ఉత్తర్వును పాటించనందుకు, చెక్ రిపబ్లిక్ ఫిర్యాదుపై 2021 సెప్టెంబరులో రోజుకు 5 లక్షల యూరోల జరిమానా పడింది, పోలండ్ చెల్లించలేదు. 2022 ఫిబ్రవరిలో రెండు దేశాలూ రాజీపడినా, పేరుకుపోయిన సొమ్మును యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన కమిషన్ పోలండ్‌కు రావలసిన నిధుల్లోంచి మినహాయించుకుంది.

యూనియన్ కార్యనిర్వహణ ఒప్పందంలోని 260, 279 అధికరణలు చదివాను. మొదటిది తీర్పును అమలు చేయని దేశానికి వేసే జరిమానా గురించి చెబుతుంది. రెండోది మధ్యంతర చర్యలకు అధికారమిస్తుంది గానీ డబ్బు ప్రస్తావనే లేదు. 2017 నవంబరు ఉత్తర్వులో జరిమానా విధించే అధికారానికి వివరణ దొరికింది, వసూలు పద్ధతి మాత్రం కనబడలేదు.

మధ్యంతర ఉత్తర్వు కింద పడిన జరిమానాను సభ్యదేశం చెల్లించనప్పుడు, దాన్ని నిధుల్లోంచి మినహాయించుకునే అధికారం కమిషన్‌కు ఏ చట్టంలోని ఏ అధికరణ వల్ల వచ్చింది?