మార్టిన్స్ లా: అద్దె హాల్లో ఉగాదికి ఎవరిది పూచీ?

ప్రశ్న: బ్రిటన్‌లో మా తెలుగు సంఘం ఉగాదికి హాలు అద్దెకు తీసుకుంటుంది. 350 మంది వస్తారు. మార్టిన్స్ లా ప్రకారం మేమేం చేయాలండీ?

జవాబు 1: మార్టిన్స్ లా అంటే, ఉగ్రదాడి జరిగితే జనాన్ని కాపాడే ఏర్పాట్లు ముందే ఉండాలనే బ్రిటన్ చట్టం. అది 2025 ఏప్రిల్ 3న ఆమోదం పొందింది, అమలుకు కనీసం 24 నెలల గడువు. 200–799 మంది అయితే స్టాండర్డ్ శ్రేణి, అంటే చట్టంలోని రెండు శ్రేణుల్లో తేలికైనది. లెక్కలో సిబ్బంది కూడా వస్తారు. బాధ్యత మామూలుగా హాలు యాజమాన్యానిదే.

జవాబు 2: అలాగని చేతులు దులుపుకోకండి. జనాన్ని బయటికి పంపడం, లోపలికి తేవడం, తలుపులు మూయడం, కబురు చెప్పడం: నాలుగింటికీ మనుషుల్ని పెట్టండి. బెడిసికొట్టేది మూడోదే. వంటగది వెనక తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి తెరిచే ఉంచుతారు, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలీదు.

జవాబు 3: ఈ శ్రేణికి కెమెరాలూ మెటల్ డిటెక్టర్లూ కొననక్కర్లేదు, అమ్మేవాళ్లు ఏం చెప్పినా సరే. గుడి అయితే 800 దాటినా స్టాండర్డే.