సమస్య: ‘శనిని పట్టి విడక జన్మ పండె’

నిర్వాహకుడు, నల్లకుంట:
శని మనల్ని పట్టి పీడించడం తెలిసిందే. తానే శనిని పట్టుకుని విడవని వారి జన్మ ఎలా పండింది? ఛందస్సు ఆటవెలది. పిల్లలతో నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియానికి వెళ్లి వస్తూ బస్సులో కట్టిన పాదమిది. ఏలినాటి శని, నల్ల నువ్వులు, తైలాభిషేకం ఎవరికైనా తట్టేవే. ఇంకాస్త దూరం చూడండి.

కూకట్‌పల్లి తమ్ముడి పూరణ:

ఏడు వత్సరముల యెడబాటు నోర్చుచు
నేలపైన దిగెను నెమ్మదిగను
కాసిని యను నౌక ఘనకార్యమున మించి
శనిని పట్టి విడక జన్మ పండె

నిర్వాహకుడు:
గణాలు, యతులు సరిపోయాయి తమ్ముడూ. కాసిని అనే అంతరిక్ష నౌక 1997 అక్టోబరు 15న బయలుదేరి 2004 జులై 1న శనిని చేరింది. ఏడేళ్లకు మూడున్నర నెలలు తక్కువ, పద్యంలో ఆ మాత్రం చెల్లుతుంది. రెండో పాదమే చెల్లదు. శనికి నేల ఎక్కడిది? హైడ్రోజన్, హీలియంల ముద్ద అది. దిగింది కాసిని మోసుకెళ్లిన చిన్న నౌక హైగెన్స్, అదీ శని చుట్టూ తిరిగే టైటాన్ అనే చంద్రుడి మీద, 2005 జనవరి 14న. పారాచూట్లతో రెండున్నర గంటలు దిగింది కాబట్టి మీ ‘నెమ్మదిగను’ అక్కడైతే ఎంతో అందంగా అమరేది. యతి తప్పితే చెవి పట్టేస్తుంది, ఇలాంటి తప్పును చెవి పట్టదు.

మల్కాజిగిరి అక్కయ్యగారి పూరణ:

ఇంధనమ్ము తరిగె నిక దారి లేదని
చిన్ని చందమామ మలినపడక
తన శరీరమెల్ల తగులబెట్టుకొనుచు
శనిని పట్టి విడక జన్మ పండె

నిర్వాహకుడు:
అక్కయ్యగారూ, రెండో పాదంలో ‘చి’కి ‘మ’తో యతి కుదరదు. ‘చెడకయుండ’ అంటే సరిపోతుంది.

అక్కయ్యగారు:
మార్చాను. ‘మలిన’ అన్నది సూక్ష్మజీవులను తలచుకుని. ఇంధనం అయిపోయి అదుపు తప్పిన నౌక ఎన్‌సెలడస్ అనే శని మంచు చంద్రుడినో టైటాన్‌నో ఢీకొంటే, భూమి నుంచి దాన్ని అంటుకుని వెళ్లినవి అక్కడ చేరవచ్చు. ఆ భయంతోనే 2017 సెప్టెంబరు 15న దాన్ని శని మేఘాల్లోకి పంపేశారు.

నిర్వాహకుడు:
మీ మూడో పాదంతో ‘విడక’ కూడా సార్థకమైంది. ఆఖరి క్షణాల్లో శని గాలి తోసేస్తున్నా, కాసిని తన చిన్న రాకెట్లను పూర్తి బలంతో మండించి యాంటెన్నాను భూమి వైపే నిలుపుకుంది. ఆ చివరి సంకేతం మనల్ని చేరడానికి 83 నిమిషాలు పట్టింది. మనం విన్నప్పటికి నౌక లేదు.

సీతాఫల్‌మండి మాస్టారి పూరణ:

మంచు చంద్రులోన మరుగున దాగిన
కాసిని జలములను కాసిని కని
మనకు చెప్పి తాను మబ్బుల బూడిదై
శనిని పట్టి విడక జన్మ పండె

నిర్వాహకుడు:
కాసిని జలాలు, కాసిని నౌక! మన మాట దానికోసమే పుట్టినట్టుంది మాస్టారూ.

కూకట్‌పల్లి తమ్ముడు:
మాస్టారూ, మొదటి పాదం మీద ఒక సందేహం. ఎన్‌సెలడస్‌లో దాగినవి కాసిని జలాలు కావు, మంచు పొర కింద గోళమంతా పరుచుకున్న సముద్రం. నౌక రుచి చూసింది దక్షిణ ధ్రువం దగ్గరి పగుళ్ల నుంచి చిమ్మే తుంపరలను. 2015 అక్టోబరులో 49 కిలోమీటర్ల ఎత్తున వాటి మధ్య నుంచే దూసుకుపోయింది.

మాస్టారు:
నిజం నాయనా. తుంపరలైతేనే ‘కాసిని’ నిలుస్తుంది. ఇలా దిద్దుతున్నాను:

మంచు నెర్రె నుండి మానక యెగజిమ్ము
కాసిని జలములను కాసిని కని

నిర్వాహకుడు:
నెర్రె! ఎండిన చెరువు మాట ఆ మంచుకు ఎంత చక్కగా అతికింది! ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ. తమ్ముడూ, ఇప్పుడు నువ్వు హైగెన్స్‌ను టైటాన్ మీద నెమ్మదిగా దించి, రెండో పాదం మళ్లీ పంపు.