విడిపోయిన తల్లిదండ్రుల మధ్య మీడియేషన్: ట్రైనింగ్‌లో ఏం నేర్పించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. కొత్త మీడియేటర్లకి ట్రైనింగ్ ప్లాన్ చేస్తున్నాను, విడిపోయిన భార్యాభర్తలు పిల్లల విషయంలో ఒక ఒప్పందానికి వచ్చేలా వీళ్ళు సాయపడాలి. చట్టం గురించి చెప్పగలను గానీ, గదిలో ఇద్దరూ పాత గొడవలు తవ్వుకోవడం మొదలెడితే ఏం చెయ్యాలో ఎలా నేర్పించాలో అర్థం కావట్లేదు, మీరెలా చేశారు?

జవాబు 1:
రోల్ ప్లే అండి, లెక్చర్లు తగ్గించేయండి. ఒకరు తల్లి, ఒకరు తండ్రి, ఒకరు మీడియేటర్. "ఆయనెప్పుడూ లేటే, పిల్లాడంటే లెక్కే లేదు" అని ఆవిడంటే, మీడియేటర్ "అంటే బాబుని టైముకి తీసుకెళ్తారన్న నమ్మకం మీకు కావాలి, అంతేనా" అని మార్చి అడగాలి. వినడానికి ఈజీగానే ఉంటుంది, నోట్లోంచి రావాలంటే మాత్రం 20 సార్లు చెయ్యాలి. తప్పెవరిదో తేల్చేయాలనే ఆత్రం ఉంటుంది చూశారా, అది పోవడమే కష్టం.

జవాబు 2:
దానికన్నా ముందు స్క్రీనింగ్ నేర్పించండి ప్లీజ్. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉందా అని ఇద్దరినీ విడివిడిగా అడగాలి. భయపడే మనిషి ఎదురుగా కూర్చుని "సరే" అంటే అది ఒప్పుకోవడం కాదు. అలాంటప్పుడు వేరే వేరే గదుల్లో కూర్చోబెట్టాలి, లేదంటే అసలు మీడియేషనే వద్దనాలి.

జవాబు 3:
పిల్లల్ని ఎవరు ఎప్పుడు ఎలా చూసుకోవాలో ఒప్పందంలో ప్లాన్ రాయడం కూడా ప్రాక్టీస్ చేయించండి. "వీలున్నప్పుడు కలవొచ్చు" అని రాస్తే మళ్ళీ గొడవే. శుక్రవారం సాయంత్రం 6కి ఎవరు దింపుతారు, జ్వరమొస్తే ఎవరికి ఫోన్, సెలవులెలా పంచుకుంటారు, అన్నీ ఉండాలి. పాపకి 3 ఏళ్ళప్పుడు రాసింది 10 ఏళ్ళకి పనికిరాదు, మళ్ళీ ఎప్పుడు కూర్చుని మార్చుకుంటారో అదీ రాయించాలి.

ప్రశ్న అడిగినవారు:
స్క్రీనింగ్ మూడో రోజుకి పెట్టుకున్నాను, మొదటి రోజుకే మారుస్తున్నా. థాంక్సండి.