64 గెలిచి రెండో రౌండులోనే ఇంటికి: కావ్స్ డొల్ల జట్టా, గ్రహచారమా?

తెల్లారుజాము అలారం:

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఓక్లహోమా సిటీ 2025 కప్పు ఎత్తి వారం దాటింది. నాకు మాత్రం క్లీవ్‌లాండ్ కావలియర్స్ (కావ్స్) మీద మంట ఇంకా చల్లారలేదు. సీజన్ మొదట్లోనే వరసగా 15 గెలిచారు. మొత్తం 64 గెలుపులు, 18 ఓటములు, తూర్పు విభాగంలో (కాన్ఫరెన్స్) ఒకటో సీడ్, అంటే మొదటి స్థానం. తీరా మే నెలలో, ప్లేఆఫ్స్ (కప్పు కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లు) రెండో రౌండులో, 50 మ్యాచ్‌లు గెలిచిన ఇండియానా పేసర్స్ వచ్చి 4-1తో మూట కట్టి పంపించారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. వీళ్లు ఇంట్లో ఆడిన మూడూ ఓడిపోయి, రచ్చలో ఒకటి గెలిచొచ్చారు.

ఓవర్‌రేటెడ్ అంటే ఇదే. కొత్త రోగం కూడా కాదు. 2007లో డాలస్ 67 గెలిచి, ఎనిమిదో సీడ్ గోల్డెన్ స్టేట్ చేతిలో మొదటి రౌండులోనే పోయింది. 2015లో అట్లాంటా జనవరి నెలంతా 17కి 17 గెలిచింది, చివరికి కాన్ఫరెన్స్ ఫైనల్లో అప్పట్లో కావ్స్‌కి ఆడిన లెబ్రాన్ 4-0తో ఊడ్చేశాడు. 2022లో ఫీనిక్స్‌దీ ఇదే 64. డాలస్‌తో ఏడో మ్యాచ్, సొంత కోర్టు, సగం ఆట అయ్యేసరికి ఫీనిక్స్ జట్టంతా కలిసి 27, అవతల డాలస్ స్టార్ లూకా ఒక్కడే 27. కావ్స్‌ది ఆ గోత్రమే. కాదంటారా?

ఒహాయో కోడలు:

కాదంటాను. ముందు రెండో మ్యాచ్ సంగతి తేల్చుకుందాం, ఆ రోజు నేను అరీనాలోనే ఉన్నా. మా గార్లండ్ కాలి బొటనవేలి దెబ్బతో లేడు. మోబ్లీ, హంటర్ మొదటి మ్యాచ్‌లో తగిలించుకుని కూర్చున్నారు. మోబ్లీ అంటే ఎవరో కాదు, ఈ ఏడాది డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. ఆ ముగ్గురూ లేకుండా మా స్టార్ మిచెల్ 48 కొట్టి బండి లాక్కొచ్చాడు. చివరి నిమిషంలో కూడా మాకు 7 పాయింట్ల ఆధిక్యం. మావాడికి తొమ్మిదేళ్లు, అప్పటికే కుర్చీ ఎక్కేశాడు. పార్కింగ్‌లో ఇరుక్కుపోతాం బయల్దేరండని మా ఆయన ఒకటే గొడవ.

పేసర్స్ స్టార్ హాలిబర్టన్ రెండో ఫ్రీ త్రో తప్పాడు. హమ్మయ్య అనుకున్నా. తప్పిన బంతిని మళ్లీ తనే పట్టుకున్నాడు. బయటికి తీసుకెళ్లి, ఒకడుగు వెనక్కేసి, మా టై జెరోమ్ నెత్తిమీదుగా త్రీ, అంటే దూరం నుంచి మూడు పాయింట్ల షాట్. 120-119. గడియారంలో మిగిలింది 1.1 సెకన్లు. అన్ని వేలమందిలో ఎవరి పాప్‌కార్న్ డబ్బానో కింద పడితే ఆ చప్పుడు నాకు వినిపించింది. మావాడు కుర్చీ దిగనంటాడు, ఇంకా ఉంది కదమ్మా అని.

నాలుగో మ్యాచ్‌లో మిచెల్‌కి చీలమండ పట్టేసి సగంలోనే ఆగిపోయాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అదీ సంగతి. దీన్ని డొల్ల అనరు తమ్ముడూ.

తెల్లారుజాము అలారం:

అక్కా, ఆ నాలుగో మ్యాచ్‌లో మిచెల్ ఆడిన మొదటి సగం స్కోరు కూడా చెప్పండి మరి. 80-39. మిచెల్ ఉండగానే 41 తేడా. దానికీ శనే కారణమా?

చిల్లర కొట్టు:

మీరు తూర్పులో కొట్టుకోండి, అసలు ఓవర్‌రేటెడ్ పడమట ఉంది. డాలస్ నుంచి లూకా దిగగానే కప్పు మాదే అన్న లేకర్స్ భక్తులు ఇక్కడే తిరుగుతున్నారు, పేర్లు చెప్పను. మూడో సీడ్‌గా వెళ్లి మిన్నెసోటా చేతిలో 4-1. ఆఖరి మ్యాచ్‌లో మిన్నెసోటా 47 త్రీలు వేస్తే పడినవి 7. అయినా వాళ్లే గెలిచారు! వాళ్ల గోబేర్ 27 పాయింట్లు, 24 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని పట్టుకోవడం). గోబేర్ అండీ!

పర్పుల్ పంచె:

నేను కప్పు అనలేదు, ఫైనల్ అన్నాను. లూకా కోసం డేవిస్‌ని ఇచ్చేశాక బాస్కెట్ కింద కాపలా కాసే పొడుగువాడు, సెంటర్, మాకేడీ? మార్క్ విలియమ్స్‌ని తెచ్చుకుందామంటే వైద్య పరీక్షల దగ్గర ఆ ట్రేడూ రద్దయింది. నాలుగో మ్యాచ్‌లో రెండో సగమంతా అదే అయిదుగురితో లాగించాడు మా కోచ్ రెడిక్. కాళ్లు పీకవా? సరే, ఇది కావ్స్ గొడవ, నేను పోతున్నా.

విజిల్ మాస్టారు:

పాతికేళ్లు హైస్కూలు పిల్లలకి ఈ ఆట నేర్పినవాణ్ణి. ఇద్దరూ స్కోరుబోర్డే చూస్తున్నారు. బంతి సగం గీత దాటడానికి కావ్స్‌కి ఎంతసేపు పట్టిందో ఒక్కసారి మళ్లీ వేసుకుని చూడండి.

ఒక దాడికి ఉండేది 24 సెకన్లు. అందులో 8 సెకన్ల లోపు బంతి సగం గీత దాటాలి. మామూలు రోజుల్లో ఎవరూ పెద్దగా అడ్డుపడరు, మూడు నాలుగు సెకన్లలో దాటేసి తీరిగ్గా ఆట మొదలెడతారు. పేసర్స్ కుర్రాళ్లు నెంబార్డ్, నెస్మిత్ అలా వదల్లేదు, కావ్స్ బాస్కెట్ దగ్గర్నుంచే మీద పడ్డారు. వాళ్ల మెకానల్ సంగతి చెప్పక్కర్లేదు, బయటి గీత దగ్గర్నుంచి బంతి లోపలికి విసిరేవాడు ఏమరుపాటుగా ఉంటే పిల్లిలా దూకి లాక్కుంటాడు. ఏడో సెకనుకి గీత దాటితే మిగిలేది 17. మొదటి స్క్రీన్ (తోటివాడు డిఫెండర్‌కి అడ్డంగా నిలబడి దారివ్వడం) కుదిరిందా సరి. కుదరలేదా, రెండో ఎత్తు వేసే వ్యవధి ఉండదు, బంతి మిచెల్ చేతికిచ్చి దండం పెట్టుకోవడమే. అతను 48 కొట్టాడని మురిసిపోతున్నారు గానీ అమ్మాయ్, ఆ 48 కొట్టాల్సి రావడమే జబ్బు.

పైగా పేసర్స్ కోచ్ కార్లైల్ పదిమందిని తిప్పుతాడు. ఎవడూ నాలుగు నిమిషాలు ఒగర్చే పని లేదు. అవతల కావ్స్ గార్డులు పొట్టివాళ్లు, గార్లండ్ 6 అడుగుల 1 అంగుళం, మిచెల్ 6 అడుగుల 3 అంగుళాలు. 82 మ్యాచ్‌ల్లో ఇవాళ ఒక ఊరు, ఎల్లుండి ఇంకో ఊరు, నీ చొక్కాలో చిరుగు వెతికే తీరిక ఎవరికుంటుంది? ప్లేఆఫ్స్‌లో అదే మనిషి రెండు వారాలు ఎదురుగా ఉంటాడు. చిరుగు చూసుకుని అందులోనే వేలు పెడతాడు. ఆ 64 దొంగ మార్కులేం కావు, వేరే పేపర్‌లో వచ్చాయంతే.

లెక్కల పిచ్చి:

మాస్టారికి నమస్కారం. మరి మొదటి రౌండులో ఇదే కావ్స్ మయామీని నాలుగు మ్యాచ్‌ల్లో కలిపి 122 పాయింట్ల తేడాతో కొట్టారే! ప్లేఆఫ్స్ చరిత్రలో ఒక సిరీస్‌లో అంత తేడా అంతకుముందు లేదు. డొల్ల జట్టు అంత కొడుతుందా?

తెల్లారుజాము అలారం:

37 గెలిచి 45 ఓడి, పదో స్థానం నుంచి ప్లే-ఇన్ (ప్లేఆఫ్స్‌లో చోటు కోసం ఆడే అర్హత మ్యాచ్‌లు) ఆడి పాకుతూ వచ్చింది మయామీ. చచ్చిన పాముని ఎంత కొడితే ఏం లాభం? మన సన్‌రైజర్స్ కూడా 2024లో బెంగళూరు మీద 287 కొట్టారు, ఫైనల్లో 113కి ఆలౌట్. అప్పుడైతే ఒక్క మ్యాచ్ కదా, ఏదో అయిపోయిందిలే అని సర్దిచెప్పుకున్నాం. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఆ సాకు చెల్లదు.

లెక్కల పిచ్చి:

అక్కడే మీతో పేచీ. ఏడు మ్యాచ్‌లున్నా అదృష్టం పాలు పోదు, తగ్గుతుందంతే. ఓక్లహోమానే చూడండి. 68 గెలిచారు, మ్యాచ్‌కి సగటు తేడా 12.9, లీగ్ చరిత్రలోనే అది రికార్డు. అలాంటి జట్టుని డెన్వర్ ఏడు మ్యాచ్‌లు ఆడించింది, ఇండియానా ఏడు ఆడించింది. ఫైనల్ ఏడో మ్యాచ్‌లో హాలిబర్టన్ వచ్చీ రావడంతోనే మూడు త్రీలు వేశాడు. తర్వాత అకిలెస్ (మడమ వెనక నరం) తెగి నేలని గుద్దుతూ పడిపోయాడు. అతను లేకుండా కూడా సగం ఆటకి ఇండియానాదే ఒక పాయింటు పైచేయి. ఆ కాలు నిలబడి ఉంటే ఇవాళ మీరు ఓక్లహోమా డొల్ల అని రాస్తుండేవారు. కాదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

(ఒకే ప్లేఆఫ్స్‌లో అకిలెస్ తెగింది ముగ్గురికి: మిల్వాకీ లిల్లార్డ్, బోస్టన్ టేటమ్, హాలిబర్టన్. ముగ్గురి చొక్కా మీదా నంబర్ సున్నానే. నాకు జాతకాల మీద నమ్మకం లేదు, అయినా ఒళ్లు జలదరించింది.)

ఇంకొకటి. న్యూయార్క్ ఈ సీజన్‌లో బోస్టన్, క్లీవ్‌లాండ్, ఓక్లహోమాలతో మొత్తం 10 ఆడి పదీ ఓడింది. పెద్ద జట్ల ముందు తేలిపోతారని మనమంతా రాశాం, నేనూ రాశాను. తీరా మేలో 61 గెలిచిన బోస్టన్‌ని ఇంటికి పంపింది. మొదటి మ్యాచ్‌లో బోస్టన్ 60 త్రీలు వేసి 45 తప్పింది, 20 పాయింట్ల ఆధిక్యం నీళ్లపాలు. రెండో మ్యాచ్‌లో మళ్లీ 20 ఆధిక్యం, మళ్లీ అదే కథ. ఇక్కడ ఎవరు ఓవర్‌రేటెడ్, ఎవరు అండర్‌రేటెడ్? నా లెక్కకి అందలేదు.

ఒహాయో కోడలు:

హాలిబర్టన్ గురించే చెప్పుకోవాలంటే, ఏప్రిల్‌లో ది అథ్లెటిక్ అనే క్రీడా వార్తల సైటు వాళ్లు ఆటగాళ్లనే పేర్లు బయటపెట్టకుండా అడిగారు కదా, లీగ్‌లో ఓవర్‌రేటెడ్ ఎవరని. ఎక్కువ ఓట్లు అతనికే. తోటి ఆటగాళ్లు వేసిన ఓట్లు! ఆ తర్వాత మిల్వాకీ మీద, మా మీద, న్యూయార్క్ మీద, ఫైనల్లో, నాలుగు రౌండ్లలోనూ ఆఖరి క్షణాల్లో బాస్కెట్ వేశాడు. రోజూ ఎదురుగా ఆడేవాళ్లకే అంచనా అందలేదు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ చూసే మనకి అందుతుందా?

తెల్లారుజాము అలారం:

ఫైనల్ మొదటి మ్యాచ్ గుర్తు చేయకండక్కా. జూన్ 6న, ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నర దాటింది, పొయ్యి మీద పాలు. మ్యాచంతా ఒక్కసారి కూడా ఆధిక్యంలోకి రాని పేసర్స్, 0.3 సెకన్లు ఉందనగా 111-110. పాలు సగం పొయ్యి మీదే పోయాయి. ఇంట్లో తిట్లు. సరే, హాలిబర్టన్ విషయంలో నాదీ తప్పే, ఒప్పుకుంటున్నా. కావ్స్ విషయంలో మాత్రం ఒప్పుకోను.

విజిల్ మాస్టారు:

ఒప్పుకోకు గానీ, మిల్వాకీని మర్చిపోకు. 2019లో 60 గెలిచి టొరంటో చేతిలో పోయారు. 2020లో లీగ్‌లోనే మొదటి స్థానం, రెండో రౌండులో మయామీ 4-1తో పంపింది. వాళ్ల స్టార్ గియానిస్ ప్లేఆఫ్స్‌కి పనికిరాడని ఊరంతా తీర్పు చెప్పేసింది. 2021లో మూడో సీడ్‌గా వచ్చి కప్పు కొట్టారు, చివరి మ్యాచ్‌లో అతనివే 50 పాయింట్లు. రెండేళ్లు డొల్ల అన్న జట్టే అది.

తెల్లారుజాము అలారం:

మాస్టారూ, మీ ఉదాహరణ నాకే పనికొస్తుంది. మిల్వాకీ చిరుగు ఎక్కడుందో చూసుకుని జ్రూ హాలిడేని తెచ్చి కుట్టుకుంది. కావ్స్ ఏం కుట్టుకున్నారు? ఒకోరోని ఇచ్చి లోంజో బాల్‌ని తెచ్చారు. మంచి ఆటగాడే, కానీ మోకాలి దెబ్బతో రెండు సీజన్లకు పైగా కోర్టు మొహం చూడనివాడు. మిగతాదంతా అదే మిచెల్, అదే గార్లండ్, అదే మోబ్లీ, అదే అలెన్. టేటమ్, హాలిబర్టన్ ఇద్దరూ మంచం మీదున్నారు కాబట్టి వచ్చే ఏడు తూర్పున మళ్లీ వీళ్లనే ఫేవరెట్లంటారు, చూడండి. నన్నడిగితే ఓర్లాండో మీద కన్నేయండి. బేన్ అనే ఆటగాడి కోసం నాలుగు మొదటి రౌండు పిక్‌లు (కొత్త కుర్రాళ్లని ముందుగా ఎంచుకునే హక్కులు) ధారపోశారంటే ఊరికే కాదు.

లెబ్రాన్ లేకుండా కావ్స్ కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది ఆఖరిసారి 1992లో. అప్పటికి నేను పుట్టలేదు.

ఒహాయో కోడలు:

అయితే పందెం. వచ్చే ఏడు కాన్ఫరెన్స్ ఫైనల్‌కి వెళ్తాం. వెళ్లకపోతే మా అత్తగారు పెట్టిన ఆవకాయ కిలో మీ ఇంటికి. వెళ్తే, మోబ్లీ జెర్సీ పంపిస్తా, వేసుకుని ఇక్కడ ఫొటో పెట్టాలి. ఏ సైజు?

తెల్లారుజాము అలారం:

ఎక్స్‌ఎల్. ఆవకాయలో వెల్లుల్లి వేస్తారా మీరు?