సాక్సోఫోన్ పాత క్వార్టెట్లు: వాయించదగ్గవా, వదిలేయదగ్గవా?

శ్రోత: 1857లో బెల్జియం వయొలినిస్టు సాంజ్లే నాలుగు సాక్సోఫోన్లకు ఒక క్వార్టెట్ (నలుగురు కలిసి వాయించే రచన) రాశాడు. హెచ్చు స్థాయి నుంచి తగ్గు స్థాయికి సొప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్ సాక్సోఫోన్లు: ఆ కూర్పే నేటికీ ప్రమాణం. రొమాంటిక్ యుగపు (19వ శతాబ్దపు) ఇలాంటి రచనలను ఇప్పుడు వెతికి మరీ వాయిస్తున్నారు. వాటికి అంత విలువ ఉందా, లేక వాద్యానికి వంశవృక్షం చూపించుకునే ఆరాటమా?

మందర: ఆరాటమే. వీటిలో చాలావరకు పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాల పరీక్షలకు పుట్టినవి. వాద్యం తయారుచేసింది అడాల్ఫ్ సాక్స్, పాఠం చెప్పింది ఆయనే, స్వరపత్రాలు అచ్చువేసిందీ ఆయనే! ఆనాటి స్వరకర్త దమెర్స్‌మాన్ ఫాంటసీ (స్వేచ్ఛగా సాగే విన్యాస రచన) ఒకటి విన్నవారికి రెండోది ఎలా ముగుస్తుందో ముందే తెలిసిపోతుంది.

ఆల్టోవాది: మందర గారూ, పరీక్షకు రాస్తే పేలవమేనా? సాంజ్లే క్వార్టెట్‌లోని అడాజియో (నెమ్మదిగా సాగే భాగం) వినండి. వేళ్ల విన్యాసం లేదు, నాలుగు గొంతులు ఒకదానికొకటి చోటిస్తూ సాగుతాయి. మరుగున పడ్డ కారణం వేరు. 1870లో యుద్ధం వచ్చి సాక్స్ తరగతి మూతపడింది. సాక్సోఫోన్ విద్వాంసుడు మార్సెల్ మ్యూల్ గురువుగా మళ్లీ తెరిచింది 1942లో. 72 ఏళ్లు నేర్పే తరగతే లేకపోతే ఏ సంగీతం బతుకుతుంది?

మందర: సత్తా ఉన్నది బతుకుతుంది. మ్యూల్‌ఫెల్ట్ అనే విద్వాంసుడి క్లారినెట్ విని 1891లో స్వరకర్త బ్రామ్స్ క్లారినెట్ క్వింటెట్ (ఐదు వాద్యాల రచన) రాశాడు. ఆ శతాబ్దంలో సాక్సోఫోన్‌కు అలాంటిది ఏది? స్వరకర్త బిజే 1872లో సాక్సోఫోన్ వాడాడు, కానీ ఆర్కెస్ట్రాలో.

ఆల్టోవాది: నా వాదన మీరే చేశారు. మ్యూల్‌ఫెల్ట్ లేనిదే ఆ క్వింటెట్ లేదు. తరగతి మూసేశాక సాక్సోఫోన్‌కు మ్యూల్‌ఫెల్ట్ ఎక్కడి నుంచి వస్తాడు?

పాతరీడు: ఇంతకీ మీరిద్దరూ ఏ నాదం విని వాదిస్తున్నారు? సాక్స్ నాటి మౌత్‌పీస్ (నోట పెట్టుకుని ఊదే భాగం) లోపల విశాలంగా, గుండ్రంగా ఉండేది. ధ్వని మెత్తగా వచ్చేది. నేటి పదునైన మౌత్‌పీస్‌తో ఆ అడాజియో పెళ్లి బ్యాండులా మోగుతుంది. (పెళ్లి బ్యాండంటే నాకు గౌరవమే, సందర్భం వేరు.) ముందు పాత పద్ధతిలో వాయించినది విని, తర్వాత తీర్పు చెప్పండి.

మందర: వింటాను. కానీ తరగతి లేకే అంతా పోయిందంటే ఒప్పుకోను. రష్యన్ స్వరకర్త గ్లాజునోవ్ 1932లో మ్యూల్ బృందానికే క్వార్టెట్ రాశాడు. అప్పటికి తరగతి తెరవనేలేదు!

ఆల్టోవాది: నిజమే. మ్యూల్ సైనిక బ్యాండు నుంచి వచ్చాడు. అయితే మూతపడ్డ ఏడాదికీ, గ్లాజునోవ్‌కూ మధ్య 62 ఏళ్లు. అంతకాలం ఎదురుచూడాల్సి రావడం సాంజ్లే తప్పంటారా?

మందర: తప్పనలేదు. అడాజియో ఒక్కటి ఒప్పుకుంటాను, ఫాంటసీలు మీరే ఉంచుకోండి.